ఆవర్జా చెడితే చిట్టాయే దిక్కు

శనివారం రాత్రి ఎనిమిదింటికి ఒక మండల కేంద్రంలోని మందుల దుకాణంలో కరెంటు పోయిందనుకుందాం. ఇన్వర్టర్ బ్యాటరీ పాతబడింది. రెండు నిమిషాలు లాగి అదీ ఆగిపోయింది. అప్పటికి కౌంటర్ ముందు నలుగురున్నారు, ఒకరి బిల్లు సగంలో ఉంది. అరగంటకు కరెంటు వచ్చింది, కంప్యూటర్ లేచింది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. తీరా బిల్లుల జాబితా నొక్కితే తెర మీద ఒక సందేశం: ఈ టేబుల్ క్రాష్ అయినట్టు గుర్తు పడి ఉంది, రిపేర్ చేయాలి. ఆరేళ్ల బిల్లులు, అరువు ఖాతాలు, ఏ బ్యాచ్ మందు ఎవరికి వెళ్లిందన్న వివరాలు అన్నీ ఆ టేబుల్‌లోనే ఉన్నాయి.

అలాంటప్పుడు ఎవరి చేయైనా రిపేర్ వైపే వెళ్తుంది. తెర మీది సందేశమే ఆ పని చేయమంటోంది మరి. ఆ చేతిని కాసేపు ఆపమని అడగడానికే ఈ వ్యాసం. రిపేర్ అనగానే పోయినదాన్ని తెచ్చిపెడుతుందని మనం అనుకుంటాం. డేటాబేస్ ఆ మాటను వేరే అర్థంలో వాడుతుంది: చదవడానికి వీలుకానిదాన్ని తీసి పక్కన పారేసి, మిగిలినది తెరుచుకునేలా సర్దడం. ఆ పారేసిన దాంట్లో ఏముందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

పాతకాలపు కొట్టు లెక్కలు చూసినవాళ్లకు డేటాబేస్ కొత్త వస్తువేమీ కాదు. గుమాస్తా ప్రతి లావాదేవీనీ అది జరిగిన వరుసలోనే ముందు చిట్టాలో రాసేవాడు. తర్వాత తీరిక చూసుకుని, ఎవరి పద్దును వారి ఖాతా పేజీకి ఆవర్జాలో ఎక్కించేవాడు. అప్పుడప్పుడూ అంకణా వేసి రెండు వైపులా మొత్తాలు సరిపోయాయో లేదో చూసుకునేవాడు. డేటాబేస్‌లోనూ ఇవే ఉన్నాయి. మనం టేబుల్ అనేది ఆవర్జా. లాగ్ అనేది చిట్టా. చెక్‌సమ్ అంకణా చేసే పని చేస్తుంది. వీటికి తోడు ఇండెక్స్ ఒకటి ఉంటుంది, ఏ పేరు ఏ పేజీలో ఉందో చెప్పే అకారాది సూచిక. టేబుల్ చెడిపోయిందని కంప్యూటర్ అన్నప్పుడు నిజంగా చెడింది వీటిలో ఏదో తేల్చుకోవడమే రోగ నిర్ధారణ. సూచిక చెడితే ఒక వైద్యం, పేజీ చిరిగితే ఒక వైద్యం, పేజీ బాగానే ఉండి అందులోని అంకె మారిపోతే పూర్తిగా మరో వైద్యం.

మన దుకాణానికి వద్దాం. అక్కడి సాఫ్ట్‌వేర్ కింద ఉన్నది మైఎస్‌క్యూఎల్ అనుకుందాం. 1995లో స్వీడన్‌లో పుట్టిన ఈ డేటాబేస్ ఉచితంగా దొరకడంతో చిన్న వ్యాపారాల సాఫ్ట్‌వేర్లలోకి విస్తారంగా పాకింది. 2010లో 5.5 వెర్షన్ వచ్చేదాకా, ప్రత్యేకంగా చెప్పకపోతే టేబుళ్లు మైఐసామ్ అనే పద్ధతిలో తయారయ్యేవి. అందులో వరుసలన్నీ ఒక ఫైల్‌లో, ఇండెక్స్ ఇంకో ఫైల్‌లో ఉంటాయి. కొత్త బిల్లు వచ్చినప్పుడు రెండూ మారాలి. ఒకటి మారి రెండోది మారేలోపు కరెంటు పోతే రెంటికీ పొంతన ఉండదు. టేబుల్‌ను రాయడానికి తెరిచినప్పుడు ఇండెక్స్ ఫైల్ తలభాగంలో ఒక గుర్తు పడుతుంది, సవ్యంగా మూసినప్పుడు అది చెరిగిపోతుంది. మళ్లీ తెరిచేటప్పటికి గుర్తు అలాగే ఉంటే, నిన్న ఎవరో మూయకుండానే వెళ్లిపోయారని డేటాబేస్‌కు అర్థమవుతుంది.

ఇలాంటి చోట రిపేర్ ఆజ్ఞ చేసేది ప్రధానంగా ఇండెక్స్‌ను మళ్లీ కట్టడం. వరుసల ఫైల్‌ను మొదటి నుంచి చదువుకుంటూ పోయి కొత్త సూచిక తయారుచేస్తుంది. దెబ్బతిన్నది ఇండెక్స్ ఒక్కటే అయితే ఏమీ పోదు, పది నిమిషాల్లో దుకాణం మళ్లీ నడుస్తుంది. వరుసల ఫైల్‌లోనే రంధ్రం పడి ఉంటే, అర్థంకాని ముక్కను దాటేసి ముందుకు వెళ్తుంది. చివర్లో ఒక చిన్న హెచ్చరిక ఇస్తుంది: వరుసల సంఖ్య 81,412 నుంచి 81,375కు మారింది. దాని కింద 'ఓకే' అని ఉంటుంది. చాలామంది ఆ ఓకే చూసి ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి చూడాల్సింది పై వాక్యం. 37 బిల్లులు వెళ్లిపోయాయని అది మనకు ఒకే ఒక్కసారి చెబుతుంది, మళ్లీ చెప్పదు.

అందుకే అన్నిటికంటే ముందు చేయాల్సిన పని డేటాబేస్ సర్వీసును ఆపి, దాని ఫైళ్లున్న ఫోల్డర్ మొత్తాన్ని చెడినది చెడినట్టుగానే వేరే డిస్క్ మీదకు కాపీ తీయడం. మరమ్మతు మధ్యలో మళ్లీ కరెంటు పోయినా, తప్పు ఆజ్ఞ ఇచ్చినా, వెనక్కి రావడానికి ఆ కాపీ ఒక్కటే దారి. రిపేర్ చేసే ముందు టేబుల్ కాపీ తీసుకోమని, కొన్ని సందర్భాల్లో ఆ పనివల్లే డేటా పోవచ్చని మైఎస్‌క్యూఎల్ సూచనల పుస్తకమే చెబుతోంది. డిస్కే చచ్చిపోతోందన్న అనుమానం ఉంటే మామూలు కాపీ కూడా ప్రమాదమే. చదవలేని చోట అది మొండిగా మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఉన్న కాస్త ప్రాణాన్నీ తీస్తుంది. జీఎన్‌యూ డీడీరెస్క్యూ లాంటి పరికరం ముందు బాగున్న భాగాలను గబగబా ఎత్తేసి, గాయపడిన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. వరద ఇంట్లోకి వస్తుంటే మనం చేసే పని కూడా అదే కదా, అందినవి ముందు అటక మీదకు ఎక్కిస్తాం.

మైఐసామ్‌లో లేనిది చిట్టా. నేరుగా ఆవర్జాలోనే రాసేస్తుంది. దాని తర్వాత మైఎస్‌క్యూఎల్‌లో ప్రధానమైన ఇన్నోడీబీ అలా చేయదు. ఏ మార్పునైనా ముందు లాగ్‌లో రాసి, ఆ లాగ్ డిస్క్‌ను చేరాకే పని అయిందని మనకు చెబుతుంది. టేబుల్ పేజీ నిదానంగా తర్వాత మారుతుంది. మధ్యలో కరెంటు పోతే, లేవగానే లాగ్ తిరగేసి ఎక్కడ ఆగిందో అక్కడికి తెచ్చుకుంటుంది. ఈ పునరుద్ధరణకు గట్టి పునాది వేసినవారిలో మద్రాసు ఐఐటీలో చదివి ఐబీఎంలో పరిశోధన చేసిన సి. మోహన్ ముందుంటారు. ఆయన, నలుగురు సహచరులు కలిసి 1992లో ప్రచురించిన ఏరీస్ పద్ధతి ఈనాటికీ డేటాబేస్ పాఠాల్లో మూలస్తంభం. అందులో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఒకటుంది. పడిపోయిన డేటాబేస్ లేచాక, పూర్తయిన లావాదేవీలను మాత్రమే ఏరి మళ్లీ చేయదు. సగంలో ఆగినవాటితో సహా జరిగిన చరిత్రనంతా జరిగినట్టే మళ్లీ నడిపిస్తుంది. సరిగ్గా పడిపోయిన క్షణానికి చేరుకున్నాక, అప్పుడు సగం పనులను ఒక్కొక్కటిగా వెనక్కి తీస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ముందు ఆ చోటికి నడిచి వెళ్లాలన్న ఈ పట్టుదల వల్లే రోజూ ఎన్నో డేటాబేస్‌లు మనకు తెలియకుండానే కోలుకుంటున్నాయి.

అయినా చిట్టా ఒక్కటే సరిపోని సందర్భం ఉంది. ఇన్నోడీబీ పేజీ 16 కేబీలు. డిస్క్ ఒక్క ఊపులో కచ్చితంగా రాస్తానని మాట ఇచ్చేది సాధారణంగా 4 కేబీలు, పాత డిస్కుల్లో 512 బైట్లే. పేజీలో మొదటి ముక్క కొత్తది రాసి, మిగతా మూడూ రాసేలోపు కరెంటు పోతే, పావు భాగం ఈ రోజుది, ముప్పావు నిన్నటిది అయిన పేజీ తయారవుతుంది. చిట్టాలో 'ఈ పేజీలో మూడో పద్దు తర్వాత ఇది చేర్చు' అని ఉంటుంది. పేజీయే అతుకుల బొంతయితే మూడో పద్దును ఎక్కడ వెతకాలి? అందుకని ఇన్నోడీబీ ప్రతి పేజీనీ ముందు వేరే చోట ఒకసారి రాసి, తర్వాత దాని అసలు చోట రాస్తుంది. ఏ క్షణంలో ఆగినా రెంటిలో ఒకటి నిండుగా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మరో దారి పట్టింది. మారిన పేజీలన్నిటినీ డిస్క్‌కు చేర్చే చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీని మొదటిసారి తాకినప్పుడు, 8 కేబీల పేజీనంతా అలాగే లాగ్‌లో దింపుతుంది.

కరెంటు పోవడం చెప్పి వచ్చే ఆపద. చెప్పకుండా వచ్చేది ఇంకొకటుంది, నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. డిస్క్ ఏ ఫిర్యాదూ లేకుండా తప్పు డేటా ఇస్తుంది. కంప్యూటర్‌లో 'క' అక్షరం సంఖ్యకూ 'గ' అక్షరం సంఖ్యకూ తేడా ఒక్క బిట్. ఎక్కడో ఒక సున్నా ఒకటిగా మారితే కూడు గూడైపోతుంది. అంకెల్లో 1కీ 9కీ తేడా కూడా ఒక్క బిట్టే. అక్షరాలుగా దాచిన రూ. 1200 బాకీ ఒక్క తడబాటుతో రూ. 9200 కాగలదు. టేబుల్ చక్కగా తెరుచుకుంటుంది, వరుస చక్కగా కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఇది ఊహల్లో జరిగే విషయం కాదు. విస్కాన్సిన్, టొరంటో విశ్వవిద్యాలయాల వారూ నెట్‌యాప్ సంస్థ ఇంజినీర్లూ కలిసి 15.3 లక్షల డిస్కులను 41 నెలల పాటు గమనించి 2008లో ఫలితాలు ప్రచురించారు. రాసినదానికీ చదివినదానికీ చెక్‌సమ్ సరిపోని సందర్భాలు 4 లక్షలకు పైగా తేలాయి. ఆ సందర్భాలు దొరికాయంటే కారణం, ఆ వ్యవస్థలు ప్రతి ముక్కకూ అంకణా వేసి పెట్టుకోవడమే. పేజీలోని బైట్లన్నిటినీ ఒక లెక్క ప్రకారం కలిపి వచ్చిన చిన్న సంఖ్యను పేజీలోనే దాస్తారు. చదివేటప్పుడు మళ్లీ కలిపి చూస్తారు. తేడా వస్తే పేజీ చెడినట్టే. ఇన్నోడీబీకి అలాంటి పేజీ ఎదురైతే లోపాల చిట్టాలో ఆ పేజీ నంబరు రాసి, తరచుగా సర్వర్‌నే ఆపేస్తుంది. అర్ధరాత్రి నిద్రలేచిన ఇంజినీర్లు తిట్టుకుంటారు గానీ, తప్పు లెక్క చెప్పి నడిచే దుకాణం కంటే తలుపులు మూసుకున్న దుకాణం మేలని నా గట్టి నమ్మకం. పోస్ట్‌గ్రెస్‌లో ఈ సౌకర్యం 2013లోనే వచ్చినా, అడగకుండానే అమల్లో ఉండేలా మారింది 2025లో వచ్చిన 18వ వెర్షన్‌తోనే. నడుమ పన్నెండేళ్లలో దాన్ని ఆన్ చేయకుండా మొదలుపెట్టిన డేటాబేస్‌లు నేటికీ నడుస్తున్నాయి. మీ చేతిలో అలాంటిది ఉంటే ఈ వారమే చూడండి.

చెక్‌సమ్ పట్టుకోలేని అబద్ధాలూ ఉన్నాయి. 2018లో లైనక్స్‌లో ఉండే గ్లిబ్‌సీ అనే లైబ్రరీ 2.28 వెర్షన్‌లో అక్షరాల వరుస నియమాలు మారాయి. మన బడి వర్ణమాలలో క్ష చివర్లో వస్తుంది. కంప్యూటర్ దాన్ని క, పొల్లు, ష కలిపి రాస్తుంది. అకారాదిలో క్షను 'క' కిందే పెట్టాలా, 'హ' తర్వాత పెట్టాలా? రెండు పద్ధతులూ సమంజసమే. కానీ ఒక పద్ధతిలో సర్దిన బీరువాలో ఇంకో పద్ధతిలో వెతికితే క్షీరసాగరం ఎప్పటికీ దొరకదు, పుస్తకం అక్కడే ఉన్నా. సరిగ్గా ఇదే జరిగింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చిన చోట్ల పోస్ట్‌గ్రెస్ ఇండెక్సులు పాత వరుసలోనే ఉండిపోయాయి, వెతికేది మాత్రం కొత్త వరుసలో. ఉన్న పేరు లేదంటుంది. ఉన్నదాన్నే మళ్లీ చేర్చనిస్తుంది. ఏ పేజీ చిరగలేదు, ఏ బిట్ మారలేదు, చెక్‌సమ్‌లన్నీ సరిపోతాయి. దీన్ని కనిపెట్టాలంటే ఇండెక్స్‌లోని వరుసను ప్రస్తుత నియమంతో పోల్చి చూసే ఆమ్‌చెక్ లాంటి పరికరం కావాలి. వైద్యం సులువే, ఇండెక్స్‌ను మళ్లీ కట్టడం. కష్టమంతా రోగం అక్కడుందని అనుమానించడంలోనే. అందుకే నిర్ధారణలో నేను మొదట అడిగే ప్రశ్న 'నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?'

అదే 2018లో ఇంకో చేదు నిజం బయటపడింది. డేటాబేస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎప్పటికప్పుడు అడుగుతుంది, 'నేనిచ్చినవన్నీ డిస్క్ చేరాయా?' అని. రాయడంలో లోపం వస్తే లైనక్స్ ఒకసారి 'లేదు' అనేది. రెండోసారి అడిగితే 'చేరాయి' అనేది, చేరకపోయినా. మొదటి లోపం చెప్పేశాక ఆ పేజీలను రాసేసినట్టే లెక్కగట్టడం దాని అలవాటు. మళ్లీ ప్రయత్నిస్తే సరిపోతుందని నమ్మి పోస్ట్‌గ్రెస్ ఏళ్ల తరబడి నడిచింది. 2019 ఫిబ్రవరి నుంచి విడుదలైన వెర్షన్లలో తీరు మారింది. ఒక్కసారి 'లేదు' అని వినిపిస్తే చాలు, పోస్ట్‌గ్రెస్ తనంత తాను పడిపోయి, లేచి, లాగ్ నుంచి అంతా తిరిగి రాసుకుంటుంది. అక్కడా చిట్టాయే దిక్కయింది.

యంత్రం పట్టుకోలేనిదాన్ని ఇంగితం పట్టుకున్న సందర్భమూ ఉంది. 2003లో బెల్జియంలోని షార్‌బీక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా నమోదయ్యాయి. వచ్చే అవకాశమున్న ఓట్లకంటే వచ్చిన ఓట్లు ఎక్కువ కావడంతో అధికారులకు అనుమానం వచ్చింది. 4096 అంటే రెండును పన్నెండుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య, అంటే ఒకే ఒక్క బిట్. అంతరిక్షం నుంచి వచ్చిన కిరణమే కారణం కావచ్చని నిపుణులు అన్నారు, రుజువు మాత్రం దొరకలేదు. డేటాబేస్‌లో కూడా 'స్టాక్ సున్నాకంటే తగ్గకూడదు', 'బిల్లు మొత్తం దాని వరుసల కూడికకు సమానం కావాలి' అన్న నియమాలు ముందే రాసి పెట్టుకుంటే ఇలాంటి తప్పు ఏదో ఒక రోజు తలెత్తి చూస్తుంది.

ఇక కోలుకునే పని. ఇన్నోడీబీ అసలు లేవనంటే, ఒకటి నుంచి ఆరు వరకు మెట్లున్న బలవంతపు పునరుద్ధరణ అనే ఏర్పాటు ఉంది. ఒకటో మెట్టు మీద చెడిన పేజీలను దాటుకుంటూ చదవనిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో రక్షణను వదిలేస్తుంది. నాలుగు, ఆపైన డేటా ఫైళ్లే శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది. ఆరో మెట్టు మీద లాగ్‌నే పక్కన పెట్టేస్తుంది. ఒకటితో మొదలుపెట్టి, లేచిన మెట్టు దగ్గరే ఆగి, చదవగలిగినదంతా బయటికి తోడుకుని, కొత్త డేటాబేస్‌లో పోసుకోవాలి. ఆ మెట్ల మీద కాపురం పెట్టకూడదు.

తోడేటప్పుడు టేబుల్ మొత్తాన్ని ఒకేసారి అడిగితే చెడిన పేజీ దగ్గర అంతా ఆగిపోతుంది. అందుకని బిల్లు నంబర్లు 1 నుంచి 10,000, 10,001 నుంచి 20,000 అంటూ ముక్కలుగా అడగాలి. ఆగిన ముక్కను సగానికి విడగొట్టి మళ్లీ అడగాలి. అలా సగాలు చేసుకుంటూ పోతే ఎంత పెద్ద టేబుల్‌లోనైనా చెడిన చోటు కొద్ది ప్రయత్నాల్లోనే బయటపడుతుంది. దానికి ఇవతలిదీ అవతలిదీ క్షేమంగా వస్తాయి. చాలామందికి తట్టని కిటుకు ఇంకొకటుంది. తేదీ మీదో పేరు మీదో కట్టిన ఇండెక్స్ వేరే పేజీల్లో ఉంటుంది, అందులో ఆ తేదీతోపాటు బిల్లు నంబరు నకలు కూడా ఉంటుంది. అసలు పేజీ పోయినా ఇండెక్స్‌ను అడిగితే ఏ నంబర్లు, ఏ తేదీలవి పోయాయో పట్టిక ఇస్తుంది. సూచిక చిరిగితే పుస్తకం చదివి మళ్లీ రాసుకుంటాం, పుస్తకం పేజీ చిరిగితే సూచిక చూసి పోయినదేమిటో తెలుసుకుంటాం.

నిన్న రాత్రి తీసిన బ్యాకప్ ఉంటే పని ఇంకా తేలిక. దాన్ని వేరే చోట పోసి, అప్పటి నుంచి జరిగిన మార్పులను మైఎస్‌క్యూఎల్ బైనరీ లాగ్ నుంచి వరుసగా ఆడిస్తే ప్రమాదానికి నిమిషం ముందు దాకా రావచ్చు. 8.0 వెర్షన్‌కు ముందు ఆ లాగ్ అడిగితే తప్ప ఉండేది కాదు. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో అలసిన ఇంజినీరు ఒకరు పొరపాటున అసలు సర్వర్ మీదే తొలగింపు ఆజ్ఞ ఇచ్చారు. ఆపేసరికి సుమారు 300 జీబీల్లో 4.5 జీబీలు మిగిలాయి. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్ వెర్షన్ల తేడావల్ల చాలాకాలంగా విఫలమవుతోంది. విఫలమైందని చెప్పాల్సిన ఈమెయిళ్లు చేరడం లేదు. చివరికి ఇంకో పని కోసం ఆరు గంటల ముందు తీసిన నకలు ఒకటి యాదృచ్ఛికంగా దొరికి సంస్థను నిలబెట్టింది. ఆ కోలుకునే పనిని వారు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, తప్పులన్నీ రాసి బయటపెట్టారు. ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ నమస్కరిస్తాను.

మన మందుల దుకాణానికి బైనరీ లాగ్ లేదు. చివరి బ్యాకప్ నాలుగు నెలల నాటిది. కాపీ తీశాక, కాపీ మీదే రిపేర్ చేశారు. 37 బిల్లులు తగ్గాయి. ఒక్కో బిల్లు సుమారు 110 బైట్లనుకుంటే, డిస్క్ మీద 4 కేబీల ముక్క ఒక్కటి రాయకుండా పోయిందన్నమాట. బిల్లు నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి వరుస ఎక్కడ తెగిందో చూస్తే శనివారం బిల్లులని తేలింది. యజమాని ఒక తెల్ల కాగితం మీద 37 నంబర్లు వేసుకుని కూర్చున్నారు. ఫోన్‌లో యూపీఐ చెల్లింపుల జాబితా తీస్తే సమయం, మొత్తంతో సహా ఇరవై రెండు దొరికాయి. షెడ్యూల్ హెచ్1 మందులకు చట్టప్రకారం మూడేళ్లు దాచాల్సిన రిజిస్టరు ఉంది. అందులో డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం చేత్తో రాసి ఉన్నాయి. అక్కడ ఇంకో ఆరు దొరికాయి. అరువు తీసుకున్న ముగ్గురు సోమవారం వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పారు. మిగతా ఆరింటి కోసం కుర్రాడు అరలో ఉన్న స్ట్రిప్పులు లెక్కపెడుతున్నాడు. చెడిన టేబుల్ కాపీ ఉన్న హార్డ్ డిస్క్ మీద తేదీ రాసి, గల్లాపెట్టె పక్కన సొరుగులో పెట్టి తాళం వేశారు.